మల్లన్న ఇచ్చిన మూడు వేళ్లు

కొల్లాపూర్, బాలికల హాస్టల్
23 జూన్ 2024

చిన్నాయినా,

నేను, పక్క మంచం మెర్సీ, మా గదిలోని చీమలు అందరం క్షేమం. నువ్వు ఎట్లా ఉన్నావు?

మా తెలుగు సారు ఈ ఏడు పదో తరగతి వాళ్లకు ఒక పని పెట్టారు. ఇంట్లో ఎవరో ఒకరికి ఉత్తరాలు రాయాలి, జవాబులు తెప్పించుకోవాలి. నాయినకు రాస్తే గొర్ల వెంట తిరుగుతూ జేబులోనే నానబెడతాడు. అమ్మకు చదువు రాదు. నువ్వు ఇంటర్ దాకా చదివినవాడివి, అందుకని నిన్ను పట్టుకున్నాను. హాస్టల్ ఫోన్ ఉంది కదా అంటావేమో. ఆదివారం దాని ముందు నలభై మంది వరుస, ఒక్కొక్కరికి మూడు నిమిషాలు.

మే నెలలో నువ్వు పాసులు ఇప్పించి మమ్మల్నందరినీ మబ్బులతోటకు తీసుకుపోయినప్పటి నుంచి నా నోట్‌బుక్‌లో సగం పేజీలు ఆ పార్కే. నేను నోరు తెరిస్తే మెర్సీ చెవులు మూసుకుంటుంది. కాబట్టి నా అభిప్రాయాలు నువ్వే వినాలి.

మొదటి స్థానం పాతాళ బండికి. కోపం తెచ్చుకోకు. అది ఎత్తుకు పోదు, తలకిందులు చేయదు, చీకట్లో చిన్న రైలులా మెల్లగా పోతుంది. కానీ మూడో మలుపు దగ్గర ఊరికే ఆగుతుంది చూడు, దాని గొప్పంతా అక్కడే. ఏమీ జరగని చోట భయపెట్టడం అందరికీ చేతకాదు. రెండో స్థానం నువ్వు నడిపే ఉప్పెనకు. ఇరవై నాలుగు కుర్చీల ఊయల ఊగుతూనే గుండ్రంగా తిరగడం నాకు చాలా నచ్చింది. చివరి వరుసలో ఎడమ అంచు కుర్చీని మించింది లేదు. పాట మాత్రం బాగాలేదు. అంత పెద్దగా మోగితే ఎవరి అరుపు వాళ్లకే వినబడదు. అరవడానికే కదా ఎక్కేది! చివరి స్థానం రంగులరాట్నానికి. దాని మీద కూర్చుంటే రేషన్ షాపు వరుసలో నిలబడ్డట్టే ఉంది.

ఒక సందేహం. ఉప్పెన పైకి పోయి కిందికి మళ్లే ముందు కడుపులో ఏమీ లేనట్టు ఒక క్షణం ఉంటుంది. దానికి తెలుగులో మాట ఉందా? సారును అడిగితే వెతికి చెప్తానన్నారు. మీ పనివాళ్లు ఏమంటారు?

గేటు దగ్గర వ్యాసాల పోటీ కాగితం చూశాను. నేనూ రాసి పోస్టులో పంపాను. ఏం రాశానో చెప్పను. గెలిస్తే నువ్వే చదువుకుంటావు.

నీ అన్న కూతురు,
నాగరాణి


చౌటుప్పల్
2 జూలై 2024

బిడ్డా నాగరాణీ,

పోస్టుమాన్ నా పేరు పెట్టి పిలిస్తే కోర్టు కాగితమేమోనని మా గది ఓనరు కూడా బయటికి వచ్చాడు. ఉత్తరమని తెలిసి నాకన్నా ఆయనే ఎక్కువ సంతోషపడ్డాడు.

ఉప్పెనకు రెండో స్థానం ఇచ్చిన సంగతి బెంజమిన్‌కు చదివి వినిపించాను. నాతోపాటు ఆ ఆట మీద పనిచేసేవాడు. “మీ పిల్లను కండ్ల డాక్టరుకు చూపెట్టాలె అన్నా, పాతాళ బండి ఏడ, మనదేడ” అన్నాడు. పాట సంగతి మాత్రం నిజమేనని ఒప్పుకున్నాడు. రోజూ అదే వినీ వినీ వాడి చెవిలో సెలవు నాడు కూడా మోగుతుందట.

మా పని నువ్వు అనుకున్నంత ఊరికే నిలబడే పని కాదు. పొద్దున ఎవరూ రాకముందే కుర్చీల్లో ఇసుక బస్తాలు కూర్చోబెట్టి మూడుసార్లు ఊపుతాం. జనం వచ్చాక ఒకడు కుర్చీ కుర్చీకి పోయి, ఒడి మీదికి దించిన కడ్డీని చేత్తో లాగి చూడాలి. ఇంకొకడు బొత్తం దగ్గర ఉండాలి. మొదటివాడు చెయ్యి ఎత్తితేనే రెండోవాడు నొక్కాలి. ఒక్కడే ఆ రెండు పనులూ చేయకూడదు. పనిలో చేరిన రోజు మాకు నేర్పే మొదటి మాట అదే.

నువ్వు అడిగిన క్షణాన్ని మేము ‘ఖాళీ’ అంటాం. “ఇయ్యాల ఖాళీ మంచిగొచ్చింది” అంటే ఆట సరిగ్గా ఊగిందని అర్థం. మీ సారుకు చెప్పు.

ఆగస్టులో ఇక్కడ వాన పండుగ చేస్తారు. పైపుల్లోంచి వాన కురిపిస్తారు. ఈసారి మన కప్పతల్లి ఆట కూడా పెడతారట. మనిషంత కప్ప వేషం తెప్పించారు. దాని మీద నీ అభిప్రాయం రాయి.

బాగా తిను. వార్డెన్ మేడం మాట విను.

చిన్నాయిన
మల్లికార్జున్


కొల్లాపూర్
28 జూలై 2024

చిన్నాయినా,

రెండో బహుమతి! పార్కు నుంచి హాస్టల్‌కు కాగితం వచ్చింది. వార్డెన్ మేడం ప్రార్థనలో చదివారు. నా వ్యాసాన్ని పెద్ద ఫ్లెక్సీ చేసి గేటు దగ్గర కడతారట. కట్టారా? నువ్వు చూశావా? నా పేరు కింద ఊరి పేరు ఉందా? బాలల దినోత్సవం నాడు పిలిచి చదివిస్తారట.

నీకు ఏ ముక్క అన్నిటికన్నా నచ్చిందో చెప్పు. సారుకు మాత్రం మన పుష్ప కొప్పు సంగతి నచ్చింది. ఆ పేరా ఇక్కడ మళ్లీ రాస్తున్నాను, నాకే మళ్లీ మళ్లీ రాయాలని ఉంది:

‘ఉప్పెన ఎక్కాలంటే గేటు దగ్గరి నాలుగడుగుల గీతను తల తాకాలి. మా చెల్లె పుష్పకు ఏడేళ్లు. మూడు వేళ్లు తక్కువ పడింది. కానీ దాని తల మీద పుట్టినప్పటి నుంచి తీయని వెంట్రుకలున్నాయి. మల్లన్నకు మొక్కినవి. తాత పోవడం వల్ల ఒకసారి, కరోనా వల్ల ఒకసారి ఆగిపోయాయి. అవి ఇచ్చేదాకా అమ్మ చెయ్యి తప్ప ఇంకో చెయ్యి తగలకూడదని మా అవ్వ మాట. పిల్లల జుట్టును అరచేత్తో నొక్కి ఎత్తు చూడాలని పార్కు నియమం. మా చిన్నాయిన చెయ్యి ఎత్తాడు, దించాడు. దేవుని కొప్పు మీద చెయ్యి వేయలేకపోయాడు. కొప్పు గీతను తాకింది. ఆ మూడు వేళ్లూ మల్లన్న ఇచ్చాడు.’

ఎట్లా ఉంది? చివరి వాక్యం నాలుగుసార్లు మార్చాను.

వాన పండుగ మీద నా అభిప్రాయం అడిగావు. మన దగ్గర వాన కోసం కప్పను కావడికి కట్టి ఇల్లిల్లూ తిరిగితే నీళ్లు పోస్తారు. అక్కడ ట్యాంకర్లతో నీళ్లు తెచ్చి వాన చేసి, కప్పను తర్వాత తెస్తున్నారు. వరుస తప్పింది. అయినా చూడాలని మహా ఆశగా ఉంది.

నాగరాణి


చౌటుప్పల్
5 ఆగస్టు 2024

బిడ్డా,

ఫ్లెక్సీ కట్టారు. కట్టినవాళ్లలో నేనూ ఉన్నాను. నిచ్చెన మీద నిలబడే మొత్తం చదివాను. కింద పట్టుకున్న బెంజమిన్ “జల్దీ దిగన్నా” అని అరుస్తూనే ఉన్నాడు. నీ పేరు కింద ఊరి పేరు ఉంది. నీకు ఇంత మంచిగా రాయడం వచ్చని నాకు తెలియదు.

ఆ కొప్పు సంగతి మాత్రం రాయకుంటే బాగుండేది. అది మన ఇంటి సంగతి. పదిమంది చదివే చోట పెట్టేది కాదు. ఇంతకన్నా ఎక్కువ రాయను. కోపం కాదు, నువ్వు మనసులో పెట్టుకోకు.

ఇక్కడ పండుగ పనితో ఊపిరి తిరగడం లేదు. మళ్లీ తీరికగా రాస్తాను.

చిన్నాయిన


కొల్లాపూర్
15 ఆగస్టు 2024

చిన్నాయినా,

జెండా పండుగ అయిపోయింది. అందరూ లడ్డూలు తింటున్నారు. నేను నీకు రాస్తున్నాను.

నీ ఉత్తరం ఆరుసార్లు చదివాను. ఇంటి సంగతి అన్నావు. మనం గొర్లకాపరుల ఇంటివాళ్లమని, పిల్లల వెంట్రుకలు మొక్కుకుంటామని మబ్బులతోటలో తెలిస్తే నీకు చిన్నతనంగా ఉందా? యూనిఫాం వేసుకున్నావు, జేబు మీద పేరున్న బిళ్ల ఉంది, అందుకని మేము పదిమంది చదివే చోట ఉండకూడదా? నేను ఆ పేరా రాసింది నువ్వంటే గర్వంతో. అంత పెద్ద యంత్రాన్ని నడిపే మనిషి ఒక చిన్నపిల్ల కొప్పు ముందు ఆగిపోయాడని. నీకు అది సిగ్గుగా కనబడితే నేనేమీ చేయలేను.

ఇంకొక సంగతి. పదమూడో తారీకు పేపరు మా లైబ్రరీకి వచ్చింది. వాన పండుగ నాడు మబ్బులతోటలో ఊయల ఆట మీద ఒక పాప జారి భుజం విరిగిందని, నడిపేవాడి నిర్లక్ష్యమని చిన్న వార్త ఉంది. పేరు లేదు. మీ పార్కులో ఊయలలు మూడున్నాయి కదా, ఏది? కడ్డీ లాగి చూడడమే పని అయినవాడు ఆ ఒక్క పనీ చేయలేదంటే వాడి చేతులెందుకు? నీ పక్కన పనిచేసేవాడైనా సరే వెనకేసుకురాకు. అట్లాంటి మనిషిని వదలొద్దు.

నాగరాణి


చౌటుప్పల్
20 ఆగస్టు 2024

వార్డెన్ మేడం గారూ, ఈ ఉత్తరం మీరు ముందు చదువుతారని తెలుసు. ఇన్నాళ్లూ అందుకే ఏదీ విప్పి రాయలేదు. ఇప్పుడు చదవండి. మా బిడ్డకు ఇవ్వకుండా మాత్రం ఆపకండి.

నాగరాణీ, నువ్వు వదలొద్దన్న ఆ మనిషిని నేనే.

పదకొండో తారీకు ఆదివారం. ఎన్నడూ చూడనంత జనం. మధ్యాహ్నం మేనేజరు వచ్చి, కప్ప వేషం వేయాల్సిన మనిషి రాలేదని బెంజమిన్‌ను పిలుచుకుపోయాడు. నేను ఒక్కడినే ఎట్లా నడపాలని అడిగాను. ఒక గంట చూసుకోమన్నాడు, లైను ఆగొద్దన్నాడు. నేను నడపనని చెప్పాల్సింది. చెప్పలేదు. ఇరవై నాలుగు కడ్డీలు చూసి, పరుగెత్తి బొత్తం నొక్కి, ఆగగానే మళ్లీ పరుగెత్తాను. ఆరోసారో ఏడోసారో ఒక కడ్డీ చివరిదాకా పడలేదు. దాన్ని నేను లాగానో, లాగాననుకున్నానో ఇప్పటికీ చెప్పలేను. మూడో ఊపుకు ఎర్ర గౌను జారడం కనబడింది. ఆపాను. పన్నెండేళ్ల పాప. సగం జారి అంచుకు కొట్టుకుంది. ప్రాణానికి భయం లేదని దవాఖానలో చెప్పారు.

రిజిస్టరులో ఆ రోజు ఉప్పెన దగ్గర ఇద్దరం ఉన్నట్టే ఉంది. కప్ప లోపల ఎవరున్నారో బయటివాళ్లకు తెలియదు, మొహం కనబడదు కదా. బెంజమిన్ నా వైపు చూడడం లేదు. వాడికి ఇంట్లో పసిగుడ్డు ఉంది. పక్కన మనిషి ఉండి కూడా నేను నిర్లక్ష్యం చేశానని రాసిన కాగితం మీద సంతకం పెట్టమంటున్నారు. పెడితే కేసు నా ఒక్కడి మీదికి వస్తుంది. పెట్టనన్నాను. అప్పుడు మేనేజరు బల్ల మీద నీ వ్యాసం పెట్టాడు. కొప్పు ముక్క కింద ఎర్ర గీత గీసి ఉంది. “నీకు నియమాలంటే లెక్కలేదని మేమంటలేం. మీ పిల్లనే రాసింది” అన్నాడు.

మన ఇంటి గురించి నాకు ఎన్నడూ సిగ్గు లేదు, బిడ్డా. ఆ కొప్పును నొక్కి చూడకపోవడం నా తప్పు, అది ఫ్లెక్సీ మీద ఎక్కిన రోజే పైవాళ్ల కంట పడుతుందని భయపడ్డాను. నువ్వు సంబరపడుతున్నావని చెప్పలేకపోయాను.

నన్ను పనిలోంచి పక్కన పెట్టారు. అన్నకు, వదినకు, అవ్వకు ఏమీ తెలియదు. నువ్వు కూడా ఏమీ చేయకు. చదువుకో.

చిన్నాయిన


కొల్లాపూర్
25 ఆగస్టు 2024

చిన్నాయినా,

నిన్న అందింది. వార్డెన్ మేడం తనే గదికి తెచ్చి ఇచ్చారు. నేను అన్నం ముట్టలేదు. పదిహేనో తారీకు ఉత్తరం చింపెయ్యి. ఆ వాక్యం నేను రాశానని నాకు నమ్మబుద్ధి కావడం లేదు. వాడి చేతులెందుకు అన్నాను. నీ చేతుల గురించి అన్నాను.

నువ్వు ఏమీ చేయకన్నావు. నేను చేసేశాను. రాత్రంతా ఆలోచించాను. ఆ వ్యాసం ఒక్కటే వాళ్ల చేతిలో ఉన్న సాక్ష్యం. అది లేకపోతే వాళ్ల దగ్గర ఏమీ లేదు. అందుకని పార్కుకు రాశాను. ‘నేను రాసినదంతా కల్పితం. మా చెల్లె ఉప్పెన ఎక్కనేలేదు. మా చిన్నాయిన నియమం తప్పే మనిషి కాదు. బహుమతి కోసం ఊహించి రాశాను. నా బహుమతి వెనక్కి తీసుకోండి.’ ఈ రోజు ఆదివారం, మెర్సీని చూడడానికి వచ్చిన వాళ్లమ్మ జానమ్మ చేతికి ఇచ్చాను. ఈ పాటికి డబ్బాలో పడి ఉంటుంది.

అబద్ధం రాయడం ఇంత తేలికని నాకు తెలియదు. నిజం రాయడానికి నాలుగుసార్లు మార్చాను. దీన్ని ఒక్కసారి కూడా మార్చలేదు.

ఇంక వాళ్లు నిన్ను ఏమీ అనలేరు కదా? అనలేరని ఒక్క ముక్క రాయి. కార్డు ముక్కైనా సరే.

నాగరాణి


చౌటుప్పల్
30 ఆగస్టు 2024

నాగరాణీ,

అడగకుండా ఎందుకు చేశావు?

ఇరవై ఏడో తారీకు నన్ను పిలిచి అడిగారు. నేను అంతా చెప్పాను. మే నెలలో కొప్పు నొక్కకుండా మా పిల్లను ఎక్కించిన మాట నిజమన్నాను. అది నా తప్పన్నాను. ఆ తప్పు ఒప్పుకున్నవాడిని, ఈ తప్పు పూర్తిగా నాది కాదని చెప్తున్నాను, ఆ రోజు నేను ఒక్కడినే ఉన్నానని రాసుకోమన్నాను. రాసుకున్నారు. ఒక తప్పు తనంత తానే ఒప్పుకున్న మనిషి రెండో మాట కూడా నిజమే చెప్తాడని ఎవరైనా అనుకుంటారని నా ఆశ. నాకున్నది ఆ ఒక్క ఆశే.

ఇరవై తొమ్మిదిన నీ ఉత్తరం వచ్చింది. మేనేజరు నన్ను పిలిచి రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టాడు. “చిన్నాయిన ఎక్కించిన అంటడు, బిడ్డ ఎక్కలేదంటది. మీ ఇంట్ల ఎవరు నిజం చెప్తరు?” అని నవ్వాడు. గుమాస్తా కూడా నవ్వాడు. ఇంటివాళ్లు అందరూ కూడబలుక్కుని అబద్ధాలు అల్లుతున్నారని ఇప్పుడు కాగితం మీద రాసి ఉంది. నేను ఒక్కడినే ఉన్నానన్న మాట ఇంక ఎవరు నమ్ముతారు?

సెప్టెంబరు పన్నెండున జిల్లా నుంచి తనిఖీ అధికారి వస్తాడు. అదే చివరి విచారణ. ఆ తర్వాత కేసు.

నా కోసమే చేశావని తెలుసు. తెలిసినా ఈ ఉత్తరం మెత్తగా రాయడం నా చేత కావడం లేదు.

మల్లికార్జున్


కొల్లాపూర్
5 సెప్టెంబర్ 2024

చిన్నాయినా,

వానలకు నాలుగు రోజులు టపా రాలేదు. నీ ఉత్తరం నిన్న అందింది. కింద ‘చిన్నాయిన’ అని లేదు, ఉత్త పేరు ఉంది. అది చూసినప్పటి నుంచి నాకు వేరే ఏమీ కనబడడం లేదు.

సారు మార్కులు వేయడానికి ఈ ఉత్తరాలు అడిగారు. ఇవ్వనన్నాను. సున్నా వేసుకోమన్నాను.

నువ్వు నిజం చెప్పావు, నేను అబద్ధం చెప్పాను. కానీ నీకు తెలియని నిజం ఇంకొకటి ఉంది. వ్యాసంలో కూడా రాయలేదు. ఎవరికీ చెప్పలేదు, మెర్సీకి కూడా. అధికారికి రాసిన కాగితం దీంతో పెడుతున్నాను. నువ్వు ముందు చదువు. చింపెయ్యాలనిపిస్తే చింపెయ్యి. ఈసారి నిన్ను అడగకుండా ఎవరికీ పంపడం లేదు.

‘అయ్యా, నేను నాగరాణిని, పదో తరగతి. ఆగస్టు ఇరవై ఐదున పార్కుకు నేను రాసిన ఉత్తరం అబద్ధం. మా చెల్లె పుష్ప ఉప్పెన ఎక్కింది. మా చిన్నాయినను కాపాడాలని అట్లా రాశాను, ఆయనకు తెలియకుండా రాశాను.

వ్యాసంలో రాసింది నిజం. కానీ మొత్తం కాదు. ఆ రోజు పొద్దున పుష్ప ఒక్కతే గీత దగ్గర నిలబడి చూసుకుంది. కొప్పుతో కూడా తక్కువే పడింది. ఏడ్చింది. నేను దాన్ని ఆడవాళ్ల బాత్రూంలోకి తీసుకుపోయి, కొప్పు విప్పి, నా రుమాలును ఉండలా చుట్టి లోపల పెట్టి, మళ్లీ ఎత్తుగా కట్టాను. మా చిన్నాయిన దేవుని వెంట్రుకల మీద చెయ్యి వేయడని నాకు ముందే తెలుసు. తెలిసే కట్టాను. అమ్మ తప్ప ఎవరూ ముట్టకూడని జుట్టును నేను ముట్టాను. మూడు వేళ్లు మల్లన్న ఇవ్వలేదు. నా రుమాలు ఇచ్చింది.

ఇది మా ఇంట్లో నాకు, పుష్పకు తప్ప ఇంకా ఎవరికీ తెలియదు. ఇప్పుడు తెలుస్తుందని తెలిసే రాస్తున్నాను. పదకొండో తారీకు సంగతి నాకు తెలియదు, నేను అక్కడ లేను. దాని గురించి ఏమీ చెప్పను. నాకు తెలిసింది ఇంతే.’

చిన్నాయినా, ఎక్కినప్పుడు పుష్ప ఎంత సంబరంగా అరిచిందో నీకు గుర్తుందా? నేను దాని పక్క కుర్చీలోనే ఉన్నాను. పైకి పోయిన ప్రతిసారీ దాన్ని ఒక చేత్తో పట్టుకునే ఉన్నాను. అంటే నాకు అప్పుడే భయం తెలుసు. తెలిసి కూడా దించమనలేదు. ఇప్పుడు కళ్లు మూసుకుంటే ఎర్ర గౌను నేను చూడకుండానే కనబడుతుంది, దాంట్లో పుష్ప ఉంటుంది.

అవ్వకు ఇది తెలిస్తే ఏమంటుందో ఊహించగలను. దేవుని జుట్టును ముట్టిన నా చెయ్యి వల్లే ఆ పాప భుజం విరిగిందంటుంది. కాదని చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు.

నాగరాణి


చౌటుప్పల్
14 సెప్టెంబర్ 2024

బిడ్డా,

నీ కాగితం చింపలేదు. రెండుసార్లు చింపాలనిపించింది, ఒకసారి నీ కోసం, ఒకసారి అవ్వ కోసం. పన్నెండో తారీకు పొద్దున మడత పెట్టి జేబులో వేసుకుని పోయాను.

అధికారి నడివయసు మనిషి. అద్దాలు పెట్టుకుని నీ కాగితం పైకి చదివాడు. గదిలో మేనేజరు, గుమాస్తా, గోడ పక్కన బెంజమిన్, అందరూ విన్నారు. ఇది మూడో కథ అని మేనేజరు అన్నాడు. అధికారి ఆయన వైపు చూడలేదు. నన్ను అడిగాడు.

“కొప్పుల రుమాలుండెనా?”

“నాకు తెలవది సార్. నేను ముట్టలే.”

“ముట్టి ఉంటే తెలుస్తుండె గద.”

“తెలుస్తుండె సార్. ముట్టకపోవుడే నా తప్పు.”

“మరి ఆ పాప కడ్డీ?”

“దాన్ని ముట్టిన్నో లేదో యాదికి లేదు సార్. ఒక్కణ్నే ఉరుకుతుంటి. ఇద్దరముంటే ఒకరికన్న యాదుంటుండె.”

ఆయన కలం పక్కన పెట్టాడు. నీ కాగితాన్నే మళ్లీ చూస్తున్నాడు. అప్పుడు గోడ దగ్గర నుంచి బెంజమిన్ ఏదో అన్నాడు. ఎవరికీ వినబడలేదు. మళ్లీ చెప్పమన్నారు.

“కప్ప లోపల ఉన్నది నేనే సార్” అన్నాడు.

గుమాస్తా నవ్వబోయి ఆగిపోయాడు. ఏ సమయానికి పిలిచారో, రిజిస్టరులో సంతకం ఎప్పుడు పెట్టించారో బెంజమిన్ అన్నీ చెప్పాడు. బయటికి వచ్చాక ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదని నేను అడగలేదు. వాడే అన్నాడు: “గా పిల్ల ఇంట్ల తెలుస్తదని తెలిసి గూడ రాసింది. నేను నా పెండ్లానికి మొకం ఎట్ల చూపెట్టాలన్నా.” వాడికి పని ఉంటుందో పోతుందో ఇంకా తెలియదు.

తప్పంతా నాదేనన్న కాగితం పక్కకు పోయింది. ఒక్కడితో ఆట నడిపించారని పార్కు మీద రాసుకున్నారు. నడపనని చెప్పనందుకు నా మీదా రాసుకున్నారు. పని మాత్రం పోయింది. ఎత్తు తక్కువైన పిల్లను కొప్పు నొక్కి చూడకుండా ఎక్కించినందుకు తీసేస్తున్నామని ఇంకో కాగితం ఇచ్చారు. రెండుసార్లు చదివాను. దాంట్లో ఒక్క మాట కూడా అబద్ధం లేదు. సంతకం పెట్టాను.

నిన్న ఆ పాప ఇంటికి పోయాను. నేనెవరో చెప్పగానే వాళ్ల నాయిన తలుపు దగ్గరే ఆపాడు. పోట్లాడలేదు, లోపలికి రానివ్వలేదు. కట్టు ఇంకో మూడు వారాలు ఉంటుందని మాత్రం చెప్పాడు. నేను కాసేపు నిలబడి వచ్చేశాను. నీ చెయ్యికీ ఆ పాప భుజానికీ ఏ సంబంధమూ లేదు. అది నాకూ, ఆ మేనేజరుకూ ఉన్న సంబంధం. దాన్ని నీ మీద వేసుకోకు.

సోమవారం గది ఖాళీ చేసి ఊరికి పోతున్నాను. పని పోయిన సంగతి ఇంట్లో నేను చెప్పుకుంటాను. రుమాలు సంగతి మాత్రం నేను చెప్పను. దసరా సెలవులకు వచ్చి నువ్వే అవ్వకు చెప్పాలి. చెప్పే ముందు పుష్పను బయటికి పంపకు, అది కూడా వినాలి. అవ్వ ఏమంటుందో నాకు తెలియదు. నేను నీ పక్కనే కూర్చుంటాను. నీ తరఫున ఒక్క మాట కూడా మాట్లాడను.

చిన్నాయిన